మేరువ లోయ ఊపిరి

గని పైకప్పు కూలిన మర్నాటి సాయంత్రానికల్లా, లోపల ఎవరూ బతికి ఉండరని అధికారులు తేల్చేశారు. రక్షకదళం వాళ్లు హెల్మెట్లు తీసి చేత్తో పట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. అప్పుడు డాక్టర్ ఆరెపల్లి సుగుణ రాజధాని నుంచి ఒక ఇనప పెట్టెను జీపులో వేసుకుని వచ్చి దిగింది. ఎవరి అనుమతీ అడగలేదు. బోరు రంధ్రంలోంచి సన్నటి గొట్టం దింపి, అడుగున ఉన్న గాలిని పైకి లాగింది. తెర మీద ఆకుపచ్చ గీత కాసేపు చదునుగా సాగి, తర్వాత సన్నగా వణికింది.

“ఉన్నరు,” అంది సుగుణ. “ఐదుగురున్నరు. ఒకాయనకు సోయి లేదు. తక్కినోళ్లు భయపడ్తున్నరు.”

“భయపడేది గూడ తెలుస్తదా బిడ్డా?” అని అడిగాడు రక్షకదళం పెద్ద.

“తెలుస్తది. భయపడ్డోని ఊపిరి వేరే ఉంటది.”

భయం పుట్టగానే గుండె అదురుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, రక్తంలోంచి ఒక వాయువు ఊపిరిలోకి ఎక్కువగా దిగుతుంది. మనిషి ముక్కుకు అందని ఆ వాసనను ఆమె పెట్టె పట్టుకుంటుంది. కాసేపటికి గీత నిటారుగా లేచింది. “లోపలికి నీళ్లొస్తున్నట్టున్నయ్, జల్ది చేయండ్రి!” అని ఆమె అరిచిన అరుపుకి మనుషులు మళ్లీ పారలు అందుకున్నారు. తెల్లారేసరికి ఐదుగురూ బయటపడ్డారు.

సమాఖ్య ప్రభుత్వం ఆ పెట్టెకు ‘శ్వాసగ్రాహి’ అని పేరు పెట్టింది. గోదావరి ఒడ్డు బొగ్గు ఊళ్లలో మాత్రం అందరూ దాన్ని ‘సుగుణమ్మ ముక్కు’ అనే పిలిచారు. ఆమె కూడా ఆ ఊళ్ల పిల్లే. తండ్రి ఊపిరితిత్తుల నిండా బొగ్గు నింపుకుని, ఆఖరి రోజుల్లో ఒక్కో శ్వాసకూ పెనుగులాడి పోయాడు. తల్లి రాజవ్వ ఇద్దరు పిల్లల్నీ ఒంటిచేత్తో పెంచింది. సుగుణ సైంటిస్టు అయింది. ఆమె కన్నా బాగా చిన్నవాడైన తమ్ముడు సమ్మయ్య పట్టాళంలో చేరాడు.

గని ప్రమాదం పత్రికలకెక్కిన కొన్నాళ్లకు చక్రధర్ అనే ఆయన ప్రయోగశాలకు వచ్చాడు. రక్షణ శాఖ సలహాదారు. మృదువుగా మాట్లాడే మనిషి. టీ కప్పు కింద పెట్టినా చప్పుడు కాకుండా పెడతాడు.

“ఐదుగురి ఊపిరి పట్టుకున్నారు. లోయ మొత్తం ఊపిరి పట్టుకోగలరా డాక్టరు గారూ?” అని అడిగాడు.

సరిహద్దులో తెల్లగట్టు అనే కొండవరస ఉంది. దానికి అవతల మేరువ దేశం. పొద్దెక్కగానే ఎండకు వేడెక్కిన గాలి మేరువ లోయలోంచి పైకి పాకి, తెల్లగట్టు దాటి మన వైపు వస్తుంది. ఆ గాలి దారిలో పెద్ద శ్వాసగ్రాహిని నిలబెడితే లోయ జనం మనసు తెలుస్తుంది కదా అన్నది ఆయన ఆలోచన.

“ఎందుకు సార్?”

“యుద్ధం రాకుండా చూడ్డానికి. వాళ్లేం తలపెడుతున్నారో ముందే తెలిస్తే ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు.”

సుగుణ ఆ మాట నమ్మింది. తమ్ముడు పట్టాళంలో ఉన్న ఏ అక్క అయినా నమ్మే మాటే అది.

*

తెల్లగట్టు మీద తాటిచెట్టంత ఎత్తున ఒక ఉక్కు స్తంభం లేచింది. దాని ఒంటినిండా గాలి పీల్చే రంధ్రాలు. కింద రేకుల షెడ్డులో సుగుణ, ఆమె తోటి ఇంజనీరు నిసార్. మొదట్లో ఏ గీతా అర్థం కాలేదు. ఆవుల ఊపిరి, మేకల ఊపిరి, పొయ్యిల పొగ, తడి మట్టి ఆవిరి అన్నీ కలగాపులగంగా వచ్చి పడేవి. ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోతే ఆఖరికి మనుషులు మిగిలారు. ఆ తర్వాత పెద్దవాళ్లూ పిల్లలూ వేరయ్యారు.

లోయలో సంత జరిగే రోజు వాళ్లకు తెలిసిపోయేది. వడగళ్ల వాన పడి పంట దెబ్బతిన్న రోజూ తెలిసేది. ఒకనాడు నిసార్ తెర చూసి పకపక నవ్వాడు.

“మేడమ్, ఈ రోజు లోయల పరీక్షలున్నట్టున్నయ్.”

“నీకెట్ల తెలుసు?”

“చూడుండ్రి, చిన్న ఊపిర్లన్నీ గజగజ వణుకుతున్నయ్. పెద్ద ఊపిర్లు ఆరాంగా ఉన్నయ్.”

ఒక్క మొహం కూడా చూడకుండానే వాళ్లకు ఆ లోయ మీద చనువు ఏర్పడింది. పెళ్లిళ్ల కాలంలో గాలి తేలికపడితే, సుగుణ కూడా ఆ పూట ఎందుకో హుషారుగా ఉండేది. ఇంటికి ఫోన్ చేసి, “అవ్వా, మా దిక్కు పెండ్లిళ్లవుతున్నయే,” అనేది. “మీ దిక్కు అంటే ఎవలి దిక్కే?” అని రాజవ్వ తెల్లబోయేది.

వానాకాలానికి ముందు గీత పెరగడం మొదలైంది.

మొదటి రోజు ఏ ప్రమాదమో జరిగి ఉంటుందనుకున్నారు. మర్నాడు తగ్గలేదు. వారం గడిచేసరికి పరీక్షల రోజు చూసిన వణుకు దానిముందు ఎందుకూ చాలదనిపించింది. పెద్దలూ పిల్లలూ అందరూ ఒకేలా ఊపిరి తీస్తున్నారు. లెక్క ప్రతిరోజూ రాజధానికి వెళుతూనే ఉంది. చక్రధర్ స్వయంగా హెలికాప్టరులో వచ్చి వాలాడు.

“ఇదే మేం అనుమానించింది,” అన్నాడు తెర వంక చూస్తూ. “దాడికి ముందు ఉద్రిక్తత.”

“ఇది ఉద్రిక్తత కాదు సార్, భయం. రెండూ వేరు. కోపంతో ఉన్నవాళ్ల గీత ఇలా పడదు.”

“మీరు రీడింగు ఇవ్వండి డాక్టరు గారూ. దాని అర్థం మేం చూసుకుంటాం.”

ఆయన వెళ్లిన సాయంత్రమే సమ్మయ్య ఫోన్ చేశాడు. అక్క ఎక్కడుందో వాడికి తెలియదు. వాడెక్కడున్నాడో చెప్పడానికి వీల్లేదు. కానీ గొంతులో బెదురు దాచుకోలేకపోయాడు. “మమ్ముల కొత్త తావుకు తెచ్చిండ్రక్కా. కొండల మీద. ట్యాంకులు గూడ వచ్చినయ్. కింద ఊర్లు అగ్గిపెట్టెల్లెక్క కనవడ్తున్నయ్. వాళ్లకు గూడ మేం కనవడ్తనే ఉంటం.”

వాడు తెల్లగట్టు వరసకే ఆ చివర ఉన్నాడని సుగుణకు అర్థమైంది. ఫోన్ పెట్టేసే ముందు, ట్యాంకులు ఎప్పుడు వచ్చాయో తమ్ముణ్ని అడిగి తెలుసుకుంది. గీత లేచిందీ ఆ రోజునే.

అయినా ఆమె తొందరపడలేదు. రెండు విషయాలు ఒకే రోజు జరిగితే ఒకదానికి ఇంకొకటి కారణమని చెప్పేయడం శాస్త్రం కాదు. రుజువు ఎలా దొరుకుతుందా అని చూస్తుండగా వాన సాయం చేసింది. పెద్ద వానకు కొండచరియ విరిగి, తెల్లగట్టు మీది ట్యాంకుల దారి తెగిపోయింది. బలగాలన్నిటినీ వెనక్కి, గట్టు కింది వాగు ఇవతలికి దింపారు. రెండో రోజుకే లోయ గీత సగానికి పడింది. ఆ పక్క రోజు ఇంకా దిగింది. సంత నాటి గాలి మళ్లీ కాస్త కాస్త కనపడింది. దారి బాగుచేసి ట్యాంకుల్ని మళ్లీ పైకి ఎక్కించిన పొద్దున గీత భగ్గున లేచింది.

“మేడమ్,” అన్నాడు నిసార్ మెల్లగా, “వాళ్లు మన మీదికి వస్తలేరు. మనం వస్తున్నమని భయపడుతున్నరు.”

“ఇంకొకటి చూద్దాం ఆగు. గాలి మళ్లినప్పుడు మన దిక్కు చూద్దాం.”

పొద్దు వాలాక గాలి ఎదురు తిరిగి మన శిబిరాల మీదుగా వీచింది. గీత మేరువ లోయదేనని చెప్పి చూపిస్తే ఎవరైనా నమ్ముతారు. మన కుర్రాళ్ల ఊపిరి కూడా అచ్చం అలాగే ఉంది. వాళ్లలో తన తమ్ముడి ఊపిరి కూడా కలిసి ఉంటుందని సుగుణకు తట్టింది. ఆమె మరి తెర వంక చూడలేక బయటికి వచ్చి నిలబడింది.

*

రాజధానిలో పెద్దల సమావేశం. పొడవాటి బల్ల చుట్టూ సేనానులు, మంత్రులు, మొదటి కుర్చీలో సమాఖ్య అధినేత. సుగుణ తను చూసిందంతా వరసగా చెప్పింది. వాన, ట్యాంకులు, దిగిన గీత, లేచిన గీత. చివరికి మన సైనికుల ఊపిరి సంగతి కూడా.

చక్రధర్ శ్రద్ధగా విని తల పంకించాడు. “డాక్టరు గారు చెప్పింది మేం కాదనం. వాళ్లు భయపడుతున్నారు. భయపడ్డవాడే ముందు కొడతాడు. లోకంలో జరిగేదే అది.”

“అలా అయితే సార్, ఇప్పుడు భయపడుతున్నది ఎవరు? ముందు కొట్టబోతున్నది ఎవరు?”

గదిలో ఎవరో దగ్గారు. ఒక సేనాని కుర్చీలో ముందుకు వంగాడు. “రుజువు వచ్చేదాకా ఆగమంటారా? ఆ రుజువు బాంబై మన ఊళ్ల మీద పడ్డాక అప్పుడు కదులుదామా?”

“ఆగమనట్లేదు. ట్యాంకుల్ని రెండు కొండలు వెనక్కి తీసి చూడండి. అంతే అడుగుతున్నాను. ప్రాణం ఖర్చు లేని ప్రయోగం. లోయ శాంతిస్తే మాట్లాడుకోవచ్చు. శాంతించకపోతే ట్యాంకులు ఎక్కడికీ పోవు కదా.” ఆమె ఊపిరి కూడదీసుకుంది. “ఆ గాలిలో పిల్లల ఊపిర్లు ఎన్ని ఉన్నాయో మీకు పంపిన లెక్కలో ఉంది. ఎవరైనా చూశారా?”

బల్ల చివర కూర్చున్న ముసలి మంత్రి ఒకాయన తల వంచుకుని గోళ్లు చూసుకున్నాడు. అధినేత లేచి, “మీ సేవలను దేశం మరవదమ్మా,” అన్నాడు. ఆ మాటతో సమావేశం ముగిసింది.

మర్నాటి సాయంత్రం అధినేత టీవీలో కనిపించాడు. శత్రువు దాడికి సిద్ధమయ్యాడనీ, ఆ సంగతి మన శాస్త్రవేత్తలే కనిపెట్టారనీ, చేతులు కట్టుకుని దెబ్బ తినే జాతి కాదు మనదనీ చెప్పాడు. ముందుగా కదలడమే ఆత్మరక్షణ అన్నాడు. పక్కన తెర మీద సుగుణ గీసిన గీతే ఎర్ర రంగులో వెలుగుతోంది. దాని కింద ఆమె పేరు. వాన రోజుల్లో దిగిన భాగాన్ని మాత్రం కత్తిరించేశారు.

అతిథిగృహం గదిలో ఆమె ఫోన్ మోగింది. సమ్మయ్య.

“అక్కా, టీవీల నీ పేరు చూసినం! మా వోళ్లందరు నన్ను భుజాల మీద ఎత్తుకుండ్రు. మేం ముందు పోకపోతే వాళ్లే వస్తరంట గదా. నువ్వు చెప్పినవంటే ఇగ తిరుగులేదు. నిజం చెప్పాల్నంటే ఇన్ని రోజులు కాళ్లల్ల వణుకుండె. ఇప్పుడు లేదు.”

సుగుణ గది తలుపు గడియ పెట్టింది. చెప్పకుండా ఊరుకోవచ్చు. ధైర్యంగా పోతాడు, ధైర్యంగా ఉన్నవాడికి బతికే వీలు ఎక్కువ. అక్కగా ఆమె అక్కడే ఆగిపోవాలనుకుంది. కానీ వీడు తన మాట మీద మనుషుల్ని చంపడానికి పోతున్నాడు.

“నేనట్ల చెప్పలే తమ్మీ.”

“ఏందీ?”

“వాళ్లు వస్తరని నేను చెప్పలే. మిమ్ముల జూసి వాళ్లు భయపడ్తున్నరని చెప్పిన. పైవోళ్లు నా మాట తారుమారు చేసిండ్రు.”

అవతల, వాడి వెనక ఎవరో పాట పాడుతున్నారు, ఎవరో చప్పట్లు కొడుతున్నారు.

“ఇప్పుడు చెప్తే నేనేం జేయాలె అక్కా?” అన్నాడు సమ్మయ్య. గొంతు చిన్నప్పటిదైపోయింది. “పొద్దుగాల్ల పోవాలె. ఎనకకు తిరిగితే మనోళ్లే కాలుస్తరు. నాకెందుకు చెప్పినవే?”

ఫోన్ తెగిపోయింది.

అభినందించడానికి విలేకరులు గేటు బయట మూగి ఉన్నారు. సుగుణ చెదిరిన జుట్టుతోనే వాళ్ల దగ్గరికి నడిచింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మేరువ దేశం దాడికి సిద్ధమైందనడానికి తన యంత్రంలో ఒక్క సాక్ష్యమూ లేదనీ, ఆ గీతను కత్తిరించి చూపారనీ, ఈ యుద్ధం మొదలుపెట్టేది మనమేననీ చెప్పింది. సగంలోనే కెమెరాల దీపాలు ఆరిపోయాయి. ఏ చానెల్లోనూ ఆమె గొంతు రాలేదు.

తెల్లారి ట్యాంకులు లోయలోకి దిగాయి.

*

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. విలేకరులతో ఆమె అన్న మాటలు ఎలాగో చేతి ఫోన్లలో పాకాయి. బొగ్గు ఊళ్లో రాజవ్వ ఇంటి మీద రాళ్లు పడ్డాయి. ఎవరో గోడ మీద బొగ్గుతోనే ‘ద్రోహి’ అని రాశారు. రాజవ్వ చీపురూ నీళ్లూ తీసుకుని కడగబోతే సుగుణ ఆపింది.

“ఉండనీయే అవ్వా.”

“ఎందుకుంచుతనే? నా బిడ్డ ఏమన్నదని? కొట్లాట వద్దన్నది. గంతే గదా!” అంటూ రాజవ్వ గోడ తోముతూనే ఉంది. నలుపు పోలేదు. గోడంతా అలుముకుపోయింది.

యుద్ధం ఎక్కువ కాలం సాగలేదు. విజయోత్సవం నాడు వీధిలో మిఠాయిలు పంచారు. మేరువ సైన్యమని మనవాళ్లకు దొరికింది కొన్ని పాత ఫిరంగులూ, లోయ జనం తవ్వుకున్న గుంటలూ. అవి యుద్ధానికి తవ్వినవి కావు, దాక్కోవడానికి తవ్వినవి. ఆ ముక్క పత్రికల్లో లోపలి పేజీలో ఒక మూల వచ్చింది.

సమ్మయ్య ఎడమ కాలు మోకాలి కింద లేకుండా ఇంటికి వచ్చాడు. తల్లితో రెండు మాటలు మాట్లాడాడు. అక్కతో మాట్లాడలేదు. ఆమె అన్నం పెడితే తిన్నాడు, మందు ఇస్తే మింగాడు. ఆమె కట్టు మారుస్తుంటే గోడకేసి చూసేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె కట్టు విప్పుతుండగా ఉన్నట్టుండి అన్నాడు.

“సొరంగం ఉండెనక్కా. పాత రైలు సొరంగం. తక్కిన ఊర్లోళ్లు ముందే పారిపోయిండ్రు. ఒక ఊరి జనమంతా మాత్రం అండ్ల దాసుకుండ్రు. సైన్యం దాగిందని మా పైవోళ్లకు ఎవలో చెప్పిండ్రు. రెండు దిక్కులా కూలగొట్టుమన్నరు.”

సుగుణ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

“నాకు తెలుసు గదా. వాళ్లు భయపడ్తున్నోళ్లే అని నువ్వు చెప్పినవ్ గదా. అండ్ల సైన్యం లేదని మా నాయక్‌కు చెప్పిన. నోర్మూసుకొమ్మన్నడు. మూసుకున్న. తెల్వకపోతే బాగుండు. తెలిసి చేసిన.”

ఆమె వాడి తలను దగ్గరికి తీసుకోబోయింది. వాడు తోసేశాడు. ఆ తర్వాత వాడే ఆమె భుజం మీద మొహం పెట్టి ఎంతసేపో ఏడ్చాడు.

ఆ వారంలోనే నిసార్ ఫోన్ చేశాడు. తెల్లగట్టు స్తంభాన్ని ప్రభుత్వం నడిపిస్తూనే ఉంది, అతన్ని అక్కడే ఉంచింది.

“మేడమ్, గీత సున్నకు పడ్డది. భయం లేదు. రాజధానికి పంపిన. వాళ్లు చాలా ఖుషీ అయిండ్రు.”

“సరిగ్గ చూసినవా? యంత్రం పాడయిందేమో.”

“లేదు మేడమ్. మేకల ఊపిరి వస్తున్నది. ఆవులది వస్తున్నది. మనుషులదే వస్తలేదు.”

సాయంత్రం టీవీలో అధినేత చెప్పాడు: మేరువ లోయలో భయం పూర్తిగా తొలగిపోయింది, శాంతి నెలకొంది, ఇది యంత్రం చెప్పిన నిజం.

*

సైన్యం దొరకలేదన్న మాట కొంచెం కొంచెంగా బయటికి పాకడంతో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. విచారణ మొదలయ్యే ముందు వరండాలో చక్రధర్ ఆమెకు ఎదురొచ్చాడు. జుట్టు కొంచెం నెరిసింది తప్ప మనిషి మారలేదు.

“యంత్రం కొత్తది, లెక్క కాస్త తప్పింది అనండి చాలు. ఎవరి మీదా నింద ఉండదు. మీ ప్రయోగశాల మీకు తిరిగి ఇస్తారు. ఉత్తరపు సరిహద్దులో కూడా ఒక స్తంభం నిలబెట్టాలనుకుంటున్నారు. మీరు కాకపోతే ఇంకెవరో చేస్తారు, ఇంకా అధ్వాన్నంగా చేస్తారు.”

ఆ చివరి మాట ఆమెకు తగిలింది. అది అబద్ధం కాదు కనకనే తగిలింది. ఏమీ అనకుండా లోపలికి నడిచింది.

విచారణ సంఘం అధ్యక్షుడు పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి. కళ్లజోడు పైనుంచి చూస్తూ అడిగాడు. “మీ యంత్రం పొరపాటు పడిందని ఒప్పుకుంటారా?”

“పొరపాటు పడలేదండి. లోయ జనం భయపడుతున్నారని చెప్పింది. భయపడ్డారు. ఎవరికి భయపడుతున్నారో నేను చెప్పాను. ఆ మాట వినకూడదనుకున్నారు. యుద్ధం చేయాలని వీళ్లు ముందే నిర్ణయించుకున్నారు, కారణం కోసం నా కొండ ఎక్కారు.”

“అడిగినదానికే జవాబు చెప్పండి. ఇప్పుడు యంత్రం సున్న చూపిస్తోంది కదా?”

“చూపిస్తోంది.”

“అంటే అక్కడ భయం లేనట్టే కదా?”

“ఊపిరి లేదండి.”

అధ్యక్షుడు టైపు చేస్తున్న గుమాస్తా వైపు తిరిగాడు. “భయం లేదని సాక్షి అంగీకరించారు. రాసుకోండి.”

“నేనలా అనలేదు!” అని సుగుణ లేచింది. అప్పటికే తర్వాతి సాక్షిని పిలుస్తున్నారు.

హాలు వెనక వరసలో కర్ర నేలకు తగిలిన చప్పుడైంది. సమ్మయ్య నిలబడ్డాడు. ఆ పొద్దున తల్లి ఎంత చెప్పినా వినకుండా యూనిఫాం వేసుకుని వచ్చాడు.

“సాక్షుల్లో మీ పేరు లేదు, కూర్చోండి,” అన్నాడు అధ్యక్షుడు.

“లేదు సార్. సొరంగం కూలగొట్టినోళ్లల్ల ఉన్నది.”

కాపలావాళ్లు ఇద్దరు కదిలారు. దగ్గరికి వచ్చారు గాని, ఒంటికాలి మీద నిలబడ్డ సైనికుణ్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆగిపోయారు. సుగుణ తమ్ముడి పక్కకు వెళ్లి, వాడు పడిపోకుండా నడుం చుట్టూ చేయి వేసింది. వాడి పక్కటెముకలు ఆమె చేతి కింద దడదడమని ఎగిసిపడుతున్నాయి.

“ఊరి పేరు సింగార. చెర్వు పక్కన బడి ఉంటది. బడి పిల్లలు ముందు, ముసలోళ్లు ఎనక, సొరంగంలకు పోతుంటే నేను దుర్బీన్‌ల చూసిన,” అన్నాడు సమ్మయ్య గుమాస్తా వంక చూస్తూ. “నేను జెప్తున్న. రాసుకోండ్రి.”